పర్మినెంటేనా?

మా అమ్మ ఫోన్లో ముందు అడిగేది జీతం గురించి కాదు. "పర్మినెంటేనా?" అని.

2007లో ఇక్కడ సింగపూర్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడూ అదే అడిగింది. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. మా ఇంట్లో పర్మినెంటు అంటే ఒకటో తారీఖు జీతం, రిటైరయ్యాక పెన్షను, ఆయన పోయినా ఆమెకు ఫ్యామిలీ పెన్షను. నాకొచ్చిందేమో ఏజెన్సీ ద్వారా ఏడాది కాంట్రాక్టు. "ఆఁ, పర్మినెంటేనమ్మా" అనేశాను. ఆ అబద్ధం ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి పర్మినెంటు, నెలకు 6,200 డాలర్లు. రెండోది ఏజెన్సీ ద్వారా పన్నెండు నెలల కాంట్రాక్టు, 7,800. ఏది తీసుకోమంటారు అని. సాయంత్రానికల్లా నలభై జవాబులు. సగం మంది "డబ్బు చూడకు, పర్మినెంటు తీసుకో" అన్నారు. మిగతా సగం "సింగపూర్‌లో పర్మినెంటు ఏముందే, డబ్బు తీసుకో" అన్నారు. నేనేమీ పెట్టలేదు. నా జవాబు మెసేజీలో పట్టేది కాదు. ఎందుకంటే ఈ ప్రశ్న మనకంటే పాతది. మనకంటే ముందు ఈ నేల మీదికి వచ్చిన మనవాళ్ళు దీని చుట్టూ నూరేళ్ళకు పైగా తిరిగారు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను, కొంచెం ఓపిక పట్టండి.

సింగపూర్, పెనాంగ్, మలక్కా మూడింటినీ కలిపి ఇంగ్లీషువాళ్ళు స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ అనేవారు. 1867 నుంచి అది నేరుగా లండన్ కింద ఉన్న వలస రాజ్యం. చెరకు తోటలకు, తర్వాత కాఫీకి, ఆపైన రబ్బరుకు మనుషులు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో కరువులున్నాయి, అప్పులున్నాయి, ఓడ దూరంలో రేవులున్నాయి. తమిళులు ఎక్కువ. కానీ విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్ళూ వచ్చారు. పెరాక్‌లో బాగన్ దాతో అనే కొబ్బరితోటల ప్రాంతం ఈనాటికీ మలేషియా తెలుగువాళ్ళ పుట్టిల్లు లాంటిది. సింగపూర్‌లో పాతకాలపు తెలుగు కుటుంబాలను కదిలిస్తే, ముత్తాతో తాతో మలయా తోటల్లో పనిచేశాడన్న మాట తరచు వినిపిస్తుంది.

మొదట వచ్చినవాళ్ళది అచ్చమైన కాంట్రాక్టు. కొన్నేళ్ళపాటు ఫలానా తోటలో పనిచేస్తానని వేలిముద్ర వేయాలి. ఓడ ఖర్చూ, ఇంటి దగ్గర ఇచ్చిన అడ్వాన్సూ కూలీలోంచి కోసుకుంటారు. మధ్యలో పని మానేసి పోతే అది సివిలు తగాదా కాదు, నేరం. పట్టుకుని జైల్లో పెట్టొచ్చు. జైల్లో గడిపిన రోజులు కాంట్రాక్టులో లెక్కకు రావు. ఒప్పందం అంటే ఇద్దరినీ కట్టేదనుకుంటాం. ఇక్కడ తాడు ఒక్కడి మెడలోనే ఉంది.

ఈ పద్ధతి మీద ఇండియాలోనూ ఇంగ్లాండులోనూ చాలా గొడవ జరిగింది. చివరికి 1910లో మలయాకు ఇలా మనుషుల్ని తీసుకురావడం ఆపేశారు. అప్పటికే సంతకాలు పెట్టినవాళ్ళ గడువులు 1913కల్లా తీరిపోయాయి. ఫిజీకంటే ముందే మలయాలో ఆగింది కదా, మలయా దొరలు మంచివాళ్ళేమో అనుకోకండి. అప్పటికి వాళ్ళకు అంతకన్నా చవకైన దారి దొరికింది.

ఆ దారి పేరు కంగాణి. తోటలో కొన్నాళ్ళు పనిచేసిన పెద్ద కూలీకి లైసెన్సు ఇచ్చి సొంత ఊరికి పంపుతారు. అతను చుట్టాల్ని, కులంవాళ్ళని, పొరుగువాళ్ళని కూడగట్టి తెస్తాడు. అతనికి తలకింత అని కమిషను, తర్వాత కూడా తన మనుషులు పనిలోకి వచ్చిన రోజుల్ని బట్టి ఇంత అని ముట్టేది. మద్రాసు దగ్గర ఆవడిలో, కింద నాగపట్నంలో డిపోలుండేవి. అక్కడ వైద్య పరీక్షలు చేసి ఓడ ఎక్కించేవారు. 1907లో తోటల యజమానులందరి దగ్గరా మనిషికింత అని వసూలు చేసి ఒక నిధి పెట్టారు. దాన్ని తమిళ్ ఇమ్మిగ్రేషన్ ఫండ్ అన్నారు. పేరు తమిళమే, అందులోంచి మన తెలుగువాళ్ళ ఓడ ఛార్జీలూ కట్టారు. దాంతో ఛార్జీ అప్పు కూలీ నెత్తిన లేకుండా పోయింది. పనివాడి తలకింత అని యజమాని కట్టే ఆ పద్దు సంగతి చదివినప్పుడు, ఇప్పుడు మన ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయికోసం నెలనెలా కట్టే లెవీ గుర్తొచ్చింది నాకు. రెండూ ఒకటి కావు. అప్పటి డబ్బు కూలీని తేవడానికి, ఇప్పటిది ఎక్కువమంది రాకుండా చూడటానికి. కానీ లెక్క రాసే తీరు అదే, మనిషికింత.

ఇక కాంట్రాక్టు మాటకొస్తే, కంగాణి కింద వచ్చినవాళ్ళకు కాంట్రాక్టు లేదు. కాగితం మీద వాళ్ళు స్వేచ్ఛగా ఉన్న కూలీలు. నెల నోటీసు ఇచ్చి ఎవరైనా ఎప్పుడైనా పోవచ్చు. నెల నోటీసు ఇచ్చి యజమానీ ఎవరినైనా పంపేయొచ్చు.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. రబ్బరు ధర బాగున్నన్నాళ్ళు బాగానే ఉంది కూడా. ఒక తోటలో కంగాణి దుర్మార్గుడైతే ఇంకో తోటకు పోయేవారు. 1920ల చివర్లో కొన్ని ముఖ్యమైన ప్రాంతాల్లో మగవాళ్ళకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్ళకు 40 సెంట్లు అని కూలీ ఖాయం చేశారు. పాలు గీసే పని ఒకటే, చెట్లు ఒకటే, చీకటితో లేచి వెళ్ళే వేళ ఒకటే. పది సెంట్లు మాత్రం తక్కువ. దీనికి కారణం ఏమని రాశారో మీరే ఊహించుకోండి.

తర్వాత 1929, 1930 వచ్చింది. ప్రపంచమంతా మాంద్యం. రబ్బరు ధర కుప్పకూలింది. కూలీ తగ్గించారు, పనిరోజులు తగ్గించారు. ఆపైన మనుషుల్నే వెనక్కి పంపేశారు. రెండు మూడేళ్ళలో లక్షకు పైగా మనవాళ్ళను మలయా నుంచి ఓడలెక్కించి ఇండియాకు తిరగ్గొట్టారు. తీసుకురావడానికి పెట్టిన ఆ నిధే తిరుగు ఛార్జీలూ కట్టింది. ఎవరి మీదా కేసు పడలేదు, ఎవరి ఒప్పందమూ ఎవరూ మీరలేదు. ఎందుకంటే మీరడానికి ఒప్పందమే లేదు. నెల నోటీసు అంతే.

చరిత్ర పుస్తకాల్లో కాంట్రాక్టు కూలీ అధ్యాయం అయిపోగానే స్వేచ్ఛా కూలీ అధ్యాయం వస్తుంది, చదివేవాళ్ళం హమ్మయ్య అనుకుంటాం. నేనూ అనుకున్నాను. జైలు భయం పోవడం చిన్న విషయం కాదు, అది ఒప్పుకోవాలి. కానీ కాంట్రాక్టు పోయినచోట పర్మినెంటు రాలేదు. ఏ పూచీ లేని ఖాళీ వచ్చింది. మంచి రోజుల్లో ఆ ఖాళీలోంచి కూలీ నడిచిపోగలిగాడు, చెడ్డరోజుల్లో యజమాని తోసేయగలిగాడు. పోనీ ఊళ్ళో ఉంటే? ఊళ్ళోనూ పని పోతుంది, నిజమే. కానీ పని పోయిన మర్నాడు పొద్దున కూడా ఊళ్ళోనే ఉంటాం.

1936 చివర్లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రిగారిని భారత ప్రభుత్వం మలయాకు పంపింది, మనవాళ్ళ పరిస్థితి చూసి రమ్మని. పాత కూలీ, అంటే మగవాళ్ళకు 50, ఆడవాళ్ళకు 40, మళ్ళీ ఇవ్వాలని ఆయన రాశారు. అంత పెద్దమనిషికి కూడా ఆ పది సెంట్ల తేడా తప్పనిపించలేదు! మళ్ళీ కూలీ దగ్గర తగాదా వచ్చి, 1938లో భారత ప్రభుత్వం ఖర్చులిచ్చి కూలీలను మలయాకు తీసుకెళ్ళడాన్ని పూర్తిగా ఆపేసింది. కంగాణి కథ అక్కడితో సరి.

ఇప్పుడు పర్మినెంటు కథ.

సింగపూర్ ఉత్తరాన సెంబవాంగ్‌లో బ్రిటిష్ నౌకాస్థావరం ఉండేది. 1938 ఫిబ్రవరిలో అక్కడి పెద్ద డాక్‌ను ఆర్భాటంగా ప్రారంభించారు. యుద్ధం అయ్యాక వేలమంది స్థానికులకు, ముఖ్యంగా కేరళవాళ్ళకు, అది జీవితాధారం. గుమాస్తాలు, వెల్డర్లు, స్టోర్ కీపర్లు. రాణిగారి కొలువు. క్వార్టర్సు, పిల్లలకు బడి, గుడి అన్నీ గేటు లోపలే. ఇంటికి రాసే ఉత్తరాల్లో ఆ మాటకు ఎంత బరువుండేదో నేను ఊహించగలను. మా అమ్మలాంటి అమ్మలు కేరళలోనూ ఉంటారు కదా.

1968 జనవరిలో లండన్‌లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ లేచి నిలబడి, 1971 చివరికల్లా మా సైన్యం సింగపూర్ వదిలి వచ్చేస్తుందని ప్రకటించాడు. అప్పట్లో దేశ ఆదాయంలో దాదాపు ఐదో వంతు ఆ స్థావరాల చుట్టూ తిరిగే డబ్బే. ప్రభుత్వం కంగారుపడి ఒక ప్రత్యేక విభాగమే పెట్టింది. నౌకాస్థావరంలోని డాక్‌యార్డు ఆ ఏడే సెంబవాంగ్ షిప్‌యార్డు అయింది. కొంతమందికి అందులో పని దొరికింది. మిగతావాళ్ళ దగ్గర మంచి సర్వీసు రికార్డు ఉంది, పౌరసత్వం లేదు. 1965లోనే పౌరులు కానివాళ్ళు పనిచేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలని చట్టం వచ్చింది. కొలువు పోయింది, కొలువుతో క్వార్టరు పోయింది, పర్మిట్ సంగతి అనుమానం. చాలామంది వచ్చిన డబ్బు తీసుకుని కేరళకు వెళ్ళిపోయారు, అప్పటికి ఇరవై ముప్పై ఏళ్ళు ఇక్కడ బతికినవాళ్ళు కూడా.

తోటల్లో పని పోయినవాళ్ళు కాంట్రాక్టు లేనివాళ్ళు. స్థావరంలో పని పోయినవాళ్ళు పర్మినెంటువాళ్ళు. ఇద్దరూ ఓడే ఎక్కారు. స్థావరంలోనే పక్క బల్ల మీద పనిచేసి, పౌరసత్వం తీసుకున్నవాడు మాత్రం కష్టపడ్డాడు కానీ ఇక్కడే ఉన్నాడు. కాబట్టి మన గ్రూపులో ఆ సాయంత్రం ఇరువైపులా ఇరవేసి మంది వాదించుకున్న ప్రశ్న అసలు ప్రశ్న కాదని నాకు అనిపిస్తుంది. ఉద్యోగం ఏ రకం అని కాదు, అది పోయిన మర్నాడు ఎక్కడ నిలబడతాం అని అడగాలి.

ఆ 1968లోనే సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం వచ్చింది. వారానికి 44 గంటలు అన్న లెక్క దానిదే. ఈ చట్టాన్ని మనలో చాలామంది చదవలేదు. చదవాల్సిన ఒక్క ముక్క చెబుతాను. మీ ఒప్పందంలో నోటీసు గురించి ఏమీ రాసుకోకపోతే, ఐదేళ్ళు, అంతకు మించి పనిచేసినవాళ్ళకు ఇవ్వాల్సిన నోటీసు నాలుగు వారాలు. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు రెండు వారాలు. ఆర్నెల్లు దాటి రెండేళ్ళ లోపైతే ఒక వారం. ఆర్నెల్ల లోపైతే ఒకే ఒక్క రోజు. ఇదీ ఇక్కడి పర్మినెంటు లోతు. ఉద్యోగాలు తగ్గించి పంపేసేటప్పుడు పరిహారం ఇవ్వాలని కూడా చట్టంలో లేదు. రెండేళ్ళు దాటినవాళ్ళకు ఏడాదికి రెండు వారాల నుంచి నెల జీతం దాకా ఇవ్వడం ఆనవాయితీ, అంతే. మన ఒప్పందంలో రాసుంటేనే హక్కు. 1930లో తోటకూలీకి నెల నోటీసు. 2020ల్లో బ్యాంకులో పర్మినెంటు ఉద్యోగికి, ఒప్పందంలో ఎక్కువ రాసుకోకపోతే, నాలుగు వారాలు. ఏసీ తేడా ఉంది, ఒప్పుకుంటాను.

మా అమ్మ మనసులో ఉన్న పర్మినెంటు ఇక్కడ మొదటినుంచీ లేదు. ఆ మాటకొస్తే మన దగ్గరా అరిగిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు తర్వాత చేరిన ప్రభుత్వోద్యోగులకు పాత పెన్షను లేదు. కాంట్రాక్టు లెక్చరర్లు ఇరవై ఏళ్ళు "ఈ ఏడాదైనా రెగ్యులరైజు చేస్తారేమో" అని ఎదురు చూడటం మనందరి ఇళ్ళల్లో చూసిందే. మా పిన్ని కూతురు ఒకతి. దాని పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాటే వచ్చింది.

పెళ్ళంటే గుర్తొచ్చింది. 1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని అమీర్‌పేట నుంచి కుర్రాళ్ళు సింగపూర్‌కు, కౌలాలంపూర్‌కు, సిడ్నీకి, అక్కణ్ణుంచి అమెరికాకు బయల్దేరారు. వాళ్ళను తెచ్చింది కన్సల్టెన్సీలు. పాసు కన్సల్టెన్సీది, పని ఇంకో కంపెనీలో. ప్రాజెక్టు లేని రోజుల్లో బెంచి మీద కూచోబెడతారు, చాలాచోట్ల జీతం లేకుండానే. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు సరిగ్గా మన ఆంధ్ర కుర్రాళ్ళ వెంట హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి ఈ వ్యాపారం మీద ఒక పుస్తకం రాశాడు. 2007లో వచ్చింది, పేరు గ్లోబల్ బాడీ షాపింగ్. అందులో నన్ను ఆపేసిన సంగతి కట్నం. విదేశీ ఐటీ వరుడికి కట్నం పెరిగింది, ఆ కట్నం డబ్బు కోర్సుకూ, వీసాకూ, కన్సల్టెన్సీకీ పోయింది. అంటే ఆ కుర్రాళ్ళ కాంట్రాక్టు వెనక పెట్టుబడి మనది, మన నాన్నలది. కంగాణికి తలకింత కమిషను తోట యజమాని ఇచ్చాడు. ఈ కంగాణికి మాత్రం పెళ్ళికూతురి తండ్రి ఇచ్చాడు!

నేను అలా ముందు వచ్చినవాడి భార్యగా వచ్చాను. డిపెండెంట్ పాసు. అప్పట్లో ఆ పాసు మీద ఉన్న భార్యలకు ఎల్.ఓ.సి. అనే ఉత్తరం తేలిగ్గా వచ్చేది. కంపెనీకి కోటా గొడవ లేదు, లెవీ లేదు. అందుకే ఏజెన్సీలు మనల్ని ఇష్టపడేవి. బ్యాంకుల బ్యాకాఫీసుల్లో, ఇన్సూరెన్సులో, ప్లేస్కూళ్ళలో ఎంతమంది తెలుగు ఆడవాళ్ళం ఆ ఉత్తరం మీద పనిచేశామో. ఆ ఉత్తరం వేలాడేది మొగుడి పాసుకి. ఆయన ఉద్యోగం పోతే నా ఉద్యోగమూ పోతుంది, నేనెంత బాగా చేసినా.

2009లో ఏం జరిగిందో చెబుతాను. మా టీములో మేం ముగ్గురం పక్కపక్కన కూచునేవాళ్ళం. ఒకామె ఇక్కడి చైనీస్ ఆవిడ, పదకొండేళ్ళ పర్మినెంటు ఉద్యోగి. ఒకతను మన తెలుగబ్బాయి, ఏజెన్సీ కాంట్రాక్టు, సొంత ఎంప్లాయ్‌మెంట్ పాసు, పాప ఒకటో తరగతి. మూడోది నేను. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పర్మినెంటు ఆవిడను లోపలికి పిలిచారు. మధ్యాహ్నానికి ఆవిడ బల్ల ఖాళీ. మా ఇద్దరినీ కదిలించలేదు, జూన్ దాకా మా ఒప్పందాలకు డబ్బు ముందే కేటాయించారు కాబట్టి. ఆ నాలుగు నెలలు కాంట్రాక్టువాళ్ళమే గట్టిగా ఉన్నామని లోపల్లోపల కొంచెం గర్వపడ్డాను కూడా, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. జూన్ ముప్పయ్యిన మా ఇద్దరికీ అయిపోయింది. నేను ఇంటికొచ్చి పప్పు పెట్టుకున్నాను. మా ఆయన ఉద్యోగం ఉంది కాబట్టి నా పాసు ఉంది. ఆ అబ్బాయి కొద్ది వారాల్లోనే సామాన్లు అమ్మేసి, పాపను బడి మాన్పించి, హైదరాబాద్ విమానం ఎక్కాడు. వాళ్ళ మిక్సీ నేనే కొన్నాను. ఆ చైనీస్ ఆవిడ తర్వాత బస్టాపులో కనిపించింది. తక్కువ జీతమే అయినా ఇంకోచోట చేరింది. సొంత ఫ్లాటు, సి.పి.ఎఫ్. ఉన్నాయి, వెళ్ళిపొమ్మనేవాళ్ళు లేరు.

ముగ్గురిలో అందరికంటే ముందు పని పోయింది పర్మినెంటు ఆవిడకే. ఊరు పోయింది మాత్రం ఆ అబ్బాయికి.

ఆ తర్వాత రూళ్ళు మారాయి. 2021 మే నుంచి డిపెండెంట్ పాసువాళ్ళకు ఆ ఉత్తరం మీద ఉద్యోగం లేదు, సొంత వ్యాపారం ఉన్నవాళ్ళకు తప్ప. పనిచేయాలంటే సొంతంగా పాసు తెచ్చుకోవాలి. 2023 సెప్టెంబరు నుంచి ఎంప్లాయ్‌మెంట్ పాసుకు పాయింట్ల లెక్క కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఎంతమంది అక్కచెల్లెళ్ళు ఉద్యోగం మానుకుని ఇంట్లో కూచున్నారో ఈ గ్రూపుకే తెలుసు. మొదటి పాసు రెండేళ్ళ దాకా, రెన్యూవల్ మూడేళ్ళ దాకా. కాబట్టి ఆఫర్ లెటరులో పర్మినెంటు అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, పాసు మీద ఉన్న మనిషిది రెండు మూడేళ్ళ కాంట్రాక్టే, కంపెనీతో కాకపోతే దేశంతో. పాసు రద్దయితే మామూలుగా ఇచ్చేది ముప్పై రోజుల విజిట్ పాసు. పీఆర్ వచ్చినవాళ్ళం కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. పర్మనెంట్ అన్న మాట అందులోనే ఉంది మరి. అయినా మా రీఎంట్రీ పర్మిట్ మీదా ఐదేళ్ళకో తారీఖు ఉంటుంది. మగపిల్లలున్నవాళ్ళకు నేషనల్ సర్వీసు సంగతీ ఉంది, అది వేరే వ్యాసం.

ఇక్కడొక మాట. మా పై అంతస్తులో పనిచేసే అక్కది గోదావరి జిల్లా. ముందు గల్ఫులో చేసి ఇటు వచ్చింది. ఇళ్ళల్లో పనికి విదేశీ ఆడవాళ్ళను తెచ్చుకోనిచ్చే పథకం సింగపూర్‌లో 1978లో మొదలైంది. నేను పైన చెప్పిన ఎంప్లాయ్‌మెంట్ చట్టం ఆమెకు వర్తించదు, వేరే చట్టం. రెండేళ్ళ పర్మిట్. ఆర్నెల్లకోసారి వైద్య పరీక్ష, అందులో గర్భం ఉందో లేదో చూడటం కూడా ఒకటి. ఉంటే తిరుగు విమానమే. వారానికో సెలవురోజు 2013లో వచ్చింది, అదీ డబ్బిచ్చి మాన్పించే వీలుతో. డబ్బిచ్చినా తీసేయకూడని సెలవు నెలకు ఒక్కటి 2023 జనవరిలో వచ్చింది. ఆమెది ఇప్పుడు ఆరో రెండేళ్ళు. పన్నెండేళ్ళ సర్వీసు అన్నమాట, ఎక్కడా లెక్కలో లేని సర్వీసు. మనం 6,200 మంచిదా 7,800 మంచిదా అని గ్రూపులో చర్చించుకునేటప్పుడు ఆమె వంటింట్లోంచి వింటూ ఉంటుంది.

సరే, మన చెల్లెలి ప్రశ్న. ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. తను సొంత పాసు మీద ఉంది, భర్తకు వేరే పాసు ఉంది. ముందు ఆ మాట విని నాకు సగం భయం తీరింది. ఇద్దరి పాసులూ ఒకదానికొకటి వేలాడటం లేదు. ఒకరిది పోయినా రెండోవారి జీతం సరిపోతే డిపెండెంట్ పాసు అడగొచ్చు, పాపను బడి మాన్పించక్కర్లేదు. నెలకు పదహారు వందల తేడా, ఏడాదికి 19,200. అటు పర్మినెంటులో పదమూడో నెల జీతం, మెడికల్ ఇన్సూరెన్సు ఉన్నాయి. ఎంప్లాయ్‌మెంట్ పాసువాళ్ళకు ఇన్సూరెన్సు చేయించాలని కంపెనీకి చట్టం లేదు, కాబట్టి కాంట్రాక్టులో అది సొంతంగా కొనుక్కోవాలి. అవి తీసేసినా కాంట్రాక్టే కొంచెం పైకి తేలింది. ఏడాది సెలవులు, సిక్ లీవు చట్టప్రకారం ఇద్దరికీ ఒకటే, మూడు నెలలు నిండితే చాలు. కాంట్రాక్టు మీద కాంట్రాక్టు నెలలోపు రెన్యూ చేస్తే సర్వీసు కలిపి లెక్కించాలని 2017లో ఒక ప్రమాణం కూడా పెట్టారు. అది కంపెనీలు ఇష్టపడి ఒప్పుకునేది. మీ ఏజెన్సీ ఒప్పుకుందో లేదో అడుగు అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నారట.

నేను కాసేపు మాట్లాడలేదు. మూడు నెలలు నిండిన మనిషిని కడుపుతో ఉండగా సరైన కారణం లేకుండా తీసేస్తే చట్టం అడుగుతుంది. కానీ కాంట్రాక్టు గడువు తీరిపోతే దాన్ని తీసేయడం అనరు. తారీఖు వచ్చింది, అయిపోయింది. పన్నెండు నెలల కాంట్రాక్టులో ఆ తారీఖు ఎక్కడ పడుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. తోటల కాలంలో వేలిముద్రకు ఏ నెల పురుడొస్తుందో అక్కరలేదు, ఈ సంతకానికీ అక్కరలేదు. నోటీసు నాలుగు వారాలే అయినా, పర్మినెంటు కాగితంలో ముగింపు తారీఖు ముందే అచ్చు వేసి ఉండదు. తనకు ఈ రెండేళ్ళకు ఆ ఒక్క తేడా పదమూడో నెల జీతం కంటే విలువైనది. ఇంకో అక్కకు, పిల్లలు పెద్దవాళ్ళై, భర్తకు పీఆర్ ఉండి, ఊళ్ళో ఇంటి అప్పు తీర్చాల్సి ఉంటే, నేను కళ్ళు మూసుకుని కాంట్రాక్టు తీసుకోమంటాను. అందుకే ఆ రోజు గ్రూపులో రెండు వైపులా ఎవరికీ జవాబు పెట్టలేదు.

చెల్లెలు రెండు చోట్లకూ మెయిలు పెట్టింది. పర్మినెంటు కంపెనీని నోటీసు కాలం రెండు నెలలు చేయమని, ఉద్యోగాలు తగ్గించి పంపేస్తే ఇచ్చే పరిహారం ఒప్పందంలో రాయమని అడిగింది. ఏజెన్సీని పన్నెండు నెలలు కాక పద్దెనిమిది నెలలు ఇస్తారా, పురుటి సెలవు మధ్యలో గడువు పడితే ఏం చేస్తారు అని అడిగింది. కంపెనీ నోటీసుకు ఒప్పుకుంది, పరిహారం మాట దాటేసింది. ఏజెన్సీ నుంచి ఈ వ్యాసం పంపే వేళకు ఇంకా జవాబు రాలేదు. వచ్చాక గ్రూపులో పెడతానంది. వాళ్ళ అత్తగారు మాత్రం రాజమండ్రి నుంచి రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారట, పర్మినెంటేనా అమ్మా అని.